పిల్సెన్‌లో పదిహేను మార్కులు

బీరు చుక్క నాలుక మీద పడనివాడు పిల్సెన్ నగరం గురించి వ్రాయడమేమిటని పాఠకులు నవ్వవచ్చు. నవ్వండి. నేను వెళ్ళింది బీరు కోసం కాదు, అక్క మాట కోసం.

ప్రాగ్‌లో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు సెలవు రోజుల్లో బీర్లు రుచి చూచి మార్కులు వేస్తుంటాడని విన్నది మొదలు మా అక్కకు నిద్ర లేదు. మా బాబాయి రెండెకరాల మాగాణిని సారా కొట్టుకు సమర్పించిన ఇల్లు మాది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద కొంగు బిగించినప్పుడు మా నాయనమ్మ ఉన్నచోటి నుంచే వాళ్ళకు దండం పెట్టింది. "ఒరేయ్, వాడేమైపోతున్నాడో నీ కళ్ళతో చూచి రా" అని అక్క నిరుడు వేసవిలో నన్ను సాగనంపింది.

చూడబోతే వాడు నన్ను తిన్నగా బీరు పుట్టింటికే తీసుకుపోయాడు! ప్రాగ్‌కు నైరుతి దిక్కున తొంభై కిలోమీటర్ల దూరం. చెక్కు భాషలో ఆ ఊరి పేరు నా నోట పలకలేదు కనుక జర్మనుల మాటనే వాడుతున్నాను. 1838లో అక్కడి పౌరులు, బీరు బాగులేదని, 36 పీపాలు పురమందిరం ఎదుట నేలపాలు చేశారట. అంతటితో ఊరుకోక అందరూ కలిసి కొత్త కార్ఖానా కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే పనిమంతుణ్ణి పిలిపించారు. 1842 అక్టోబరు 5న అతడు కాచిన బీరు, అప్పటి నల్లని, మడ్డి బీర్లవలె కాక, బంగారు వన్నెతో తేటగా వచ్చింది. ఆ ఊరి నీరు మెత్తన, బార్లీ లేతగా వేగినది, చేదుకు వేసే హాప్స్ పువ్వులు జాటెట్స్ ప్రాంతానివి. ఈనాడు లోకమంతటా అమ్ముడయ్యే బీర్లలో అధిక భాగం దీని సంతతేనని చెబుతారు.

కార్ఖానాలో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు నమలమని ఇచ్చారు. నోట వేసుకున్నానో లేదో, అమ్మ చేసే రాగి మాల్టు గుర్తుకు వచ్చింది. నేల క్రింద తొమ్మిది కిలోమీటర్ల సొరంగాలు. అక్కడి చలికి శాలువా చాలలేదు. ఇప్పుడు బీరంతా ఉక్కు తొట్లలోనే తయారవుతున్నా, కొద్దిపాటి బీరును మాత్రం నేటికీ ఓక్ చెక్క పీపాలలో పాత పద్ధతిని పులియబెడతారు. ఎందుకయ్యా అంటే, కొత్తదాని రుచి పాతదానికి దీటుగా ఉన్నదో లేదో సరిచూచుకోవడానికట! అంత పెద్ద కంపెనీ తన పేపరు తానే దిద్దుకుంటున్నదన్నమాట. చివర గైడు పీపాలోంచి పట్టి ఇచ్చిన గ్లాసును మేనల్లుడికి అందించాను. వాడు రెండు గుక్కలు త్రాగి, "పెద్ద కంపెనీ బీరు మామయ్యా, అందరికీ నచ్చేటట్టు చేస్తారు. అసలు రుచి చిన్న కార్ఖానాలలో ఉంటుంది" అన్నాడు.

ఆ సాయంత్రం వాడి చెక్కు స్నేహితుడి ఇంట పరీక్ష జరిగింది. ఒకే జాతి బంగారు బీర్లు అయిదు: నాలుగు చిన్న కార్ఖానాలవి, ఒకటి మేము చూచి వచ్చినది. ఏది ఏదో చెప్పకుండా స్నేహితుడు లోపలే పోసి, గ్లాసులకు నంబర్లు వేసి తెచ్చాడు. సరిగ్గా మా యూనివర్సిటీ జవాబు పత్రాలే! మొత్తం మార్కులు 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట ఆనే తీరుకు 5, మొత్తం మీద 10. అమెరికా బీరు న్యాయనిర్ణేతల లెక్క ఇదట. లెక్క వినగానే నాకు హుషారు వచ్చింది. పెదవి తడవకుండానే పదిహేను మార్కుల అధికారం నాది!

గ్లాసుకు జిడ్డు అంటితే నురుగు నిలవదని వాడు ముందే కడిగి ఆరబెట్టాడు. వెలుతురుకు ఎత్తి చూచాము, కుదిపి వాసన చూచాము. ఒకటి తడిసిన అట్టపెట్టెవలె ఉంది. గాలి సోకి పాతబడినదట. మూడో నంబరులో స్పష్టంగా వెన్న వాసన! బీరులో వెన్నేమిటని పన్నెండుకు నాలుగే వేశాను. మేనల్లుడు మాత్రం ఒక్కొక్క దానిని రెండు మూడు గుటకలు మింగి, కళ్ళు మూసుకుని ఆలోచించి, ఆ మూడో నంబరుకే అందరికన్న ఎక్కువ వేశాడు.

స్నేహితుడు చీటీ విప్పాడు. మూడోది పెద్ద కంపెనీదే! మేనల్లుడి ముఖం చూడవలసిందే. నేను నవ్వబోయేంతలో నా వంతు వచ్చింది. ఆ వెన్న వాసన మరో బీరులో అయితే దోషమేనట. ఈ ఊరి బీరులో లేశమాత్రంగా ఉంటే తప్పు పట్టకూడదట. ఒకచోట దోషమైనది మరొకచోట గుణమవుతుందని ఇరవై ఏళ్ళుగా అలంకారశాస్త్రం క్లాసులో చెబుతున్నవాణ్ణి, మాట్లాడక నాలుగును కొట్టివేసి తొమ్మిది చేశాను.

గ్లాసులు తీస్తుంటే చూచాను. ఒక్కటీ ఖాళీ కాలేదు, అన్నింటిలోనూ ముప్పాతిక మిగిలే ఉంది. మేనల్లుడు వాటిని వంటింటి తొట్టిలో వంపివేసి, గ్లాసులు కడుగుతూ కూనిరాగం తీస్తున్నాడు.

తిరుగు రైలులో అక్కకు ఫోను చేసి చూచింది చూచినట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ముక్కు చీదిన శబ్దం. ఆ పైన, "అదేమిట్రా, డబ్బు పోసి కొన్నది అంతా పారబోశాడా?" అన్నది.