ఉండి ఉండి వచ్చే జబ్బు

యంత్రాలకు వచ్చే జబ్బులు రెండు రకాలు. వచ్చి తిష్ఠ వేసేవి కొన్ని, వచ్చి పోతూ ఉండేవి మరికొన్ని. మొదటి రకంతో పెద్ద చిక్కు లేదు. ఇరుసు విరిగితే విరిగిన ఇరుసు కళ్ళెదుటే ఉంటుంది. రెండవ రకం అలా కాదు. అడవి మధ్యలో ఊపిరి బిగబట్టి ఆగిపోయిన ఇంజను పావుగంట గడిచాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ మోగుతుంది. మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే పసిబిడ్డలా బుద్ధిగా ఉంటుంది. మెకానిక్కు విని, చూసి, "దీనికేమీ లేదే!" అంటాడు. ఆ మాట విన్నప్పుడు బండివాడికి కలిగే నిస్సహాయత ఇంతా అంతా కాదు.

ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు కలిసేచోట, శబరి నది ఒడ్డున కోంట ఉన్నది. ఒకప్పుడు విశాలమైన బస్తరు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 1998లో దంతెవాడ జిల్లాలోకి, 2012లో సుక్మా జిల్లాలోకి చేరింది. జిల్లా పేర్లు మారినా అక్కడి సంతలో తెలుగు మాట మారలేదు. చుట్టుపక్కల నివసించే దోర్లలు మాట్లాడేది కూడా తెలుగుకు దగ్గరి మాటే. కోంటనుంచి ఎర్రబోరు, దోర్నపాల్, సుక్మా, తోంగ్‌పాల్‌ల మీదుగా జగదల్‌పూర్ చేరడానికి దాదాపు 180 కిలోమీటర్లు. జగదల్‌పూర్ చేరబోయే ముందు దర్భా ఘాటు ఎక్కాలి. 2013 మే 25న ఘోరమైన దాడి జరిగిన జీరం లోయ ఆ దారిలోనిదే. చీకటి పడిన తరువాత అక్కడ బండి ఆపాలని ఎవరూ కోరుకోరు.

ఆ దారిమీద పదిహేడేళ్ళ వయసుగల పికప్ బండి ఒకటి తిరుగుతూ ఉండేది. దాని యజమానీ, డ్రైవరూ ఒక్కరే, కోంటలో స్థిరపడిన తెలుగువాడు. వేసవిలో చింతపండు, ఇప్పపువ్వు. సంతరోజున ఉప్పు, ఉల్లిపాయలు, బట్టల మూటలు. రాత్రివేళ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే రోగి. ఆ బండి మోయని బరువు లేదు. రోగుల దగ్గర అతడు డీజిలు ఖర్చు మాత్రమే పుచ్చుకునేవాడు. అందువల్ల చుట్టుపక్కల పల్లెలవారు దానిని అతని బండి అనేవారు కారు, మన బండి అనేవారు.

ఒక ఏడాది మాఘమాసంలో దానికి ఈ ఆగిపోయే జబ్బు పట్టుకుంది. మొదట నెలకు ఒకసారి, తరువాత వారానికి ఒకసారి. ఒకరాత్రి జ్వరం ముదిరి మూర్ఛలు వస్తున్న ఒక దోర్ల పసివాణ్ణి జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోతూ ఉండగా దర్భా ఎక్కుడులో బండి ఆగిపోయింది. తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకుని ఒక్క మాటా అనకుండా కూర్చున్నది. తండ్రి దిగి చీకట్లో రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డాడు. నలభై నిమిషాల తరువాత అటుగా వచ్చిన ఒక లారీ వారిని ఎక్కించుకుపోయింది. బిడ్డ బతికాడు. లారీ వెళ్ళిపోయిన కాసేపటికి తాళం తిప్పితే బండి మొదటి ప్రయత్నంలోనే మోగింది. ఆ శబ్దం వింటే తనకు సంతోషం కాక అసహ్యం కలిగిందని అతడు తరువాత చెప్పేవాడు. ఆనాటినుంచి రోగులను ఎక్కించుకోవడం మానుకున్నాడు. ఆ విధంగా నాలుగైదు పల్లెలకు ఉన్న ఒక్క దిక్కూ పోయింది.

అతడు ఊరకే కూర్చోలేదు. ఎవరేది చెబితే అది చేశాడు. డీజిల్ ఫిల్టరు మార్చాడు. ఫీడ్ పంపు మార్చాడు. బ్యాటరీ బలహీనమైందని ఒకరు అంటే కొత్తది వేయించాడు. చివరికి అప్పు తెచ్చి ఇంజెక్షన్ పంపు విప్పించి బాగుచేయించాడు. ప్రతిసారీ రెండు మూడు రోజులు బండి చక్కగా నడిచేది, అతడు జబ్బు కుదిరిందని సంబరపడేవాడు, నాలుగోరోజు అది మళ్ళీ ఆగేది. ఉండి ఉండి వచ్చే జబ్బులో పెద్ద మోసం ఇదే. అది తనంతట తాను విడిచిన రోజున ఏ మందు వేసినా ఆ మందే పనిచేసినట్టు కనిపిస్తుంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగిన ఈ మరమ్మతులలో మంచి సామానెంతో పాత ఇనుములోకి పోయింది.

మనుషుల జ్వరాలలో కూడా ఇటువంటిది ఒకటి ఉన్నది. చలిజ్వరం రోజు మార్చి రోజు వస్తుంది. నడుమ రోజున రోగి లేచి పొలానికి పోతాడు. పూర్వం వైద్యులు ఈ రాకపోకలను వింతగా చూసేవారు. ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గోల్జీ 1880లలో ఆ రాకపోకలనే ఆధారం చేసుకుని, రక్తంలోని క్రిములు ఒక్కుమ్మడిగా పగిలి బయటపడే వేళకే జ్వరం వస్తుందని నిరూపించాడు. ఆ క్రిములు దోమ కడుపులో పెరుగుతాయని రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అంతకు ముందు అతడు ఎన్నో దోమలను కోసి చూశాడు. ఏమీ కనిపించకపోవడం కూడా ఒక సమాచారమేనని గ్రహించి ముందుకు సాగాడు. 2020లో బస్తరులో మలేరియా నిర్మూలనకు పూనుకున్నవారు జ్వరం లేనివారి రక్తాన్ని కూడా ఇంటింటికీ వెళ్ళి పరీక్షించారు. పైకి ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ క్రిమి దాగి ఉన్నదని ఆ పరీక్షలలో తేలింది. లక్షణం కనిపించనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు.

విచిత్రమేమంటే ఆ 1897లోనే, ఫిబ్రవరి 17న, జర్మనీలోని ఆగ్స్‌బర్గులో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును పరీక్షకు నిలబెట్టాడు. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజనుకు అది అక్కరలేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. కనుక నడుస్తున్న డీజిల్ ఇంజను తనంతట తాను ఆగిందంటే చాలా సందర్భాలలో అర్థం ఒక్కటే, నూనె అందలేదని. అయితే అందకపోవడానికి దారులు అనేకం. ట్యాంకులో అడ్డు ఉండవచ్చు. గొట్టం పగిలి గాలి పట్టవచ్చు. ట్యాంకు మూతలో గాలి ఆడే రంధ్రం పూడిపోవచ్చు. కొన్ని బండ్లలో పంపుమీద సొలినాయిడ్ అనే చిన్న విద్యుత్ కవాటం ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే అది నూనెను వదులుతుంది. ఒక తీగ వదులైతే చాలు, గతుకులో క్షణంపాటు కరెంటు పోతుంది, కవాటం మూసుకుంటుంది, ఇంజను ఆగుతుంది. అన్నిటికీ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే.

సుక్మాలో ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు. ముప్పై ఏళ్ళ క్రితం గోదావరి సీమనుంచి వచ్చి స్థిరపడినవాడు. డ్రైవరు చివరికి ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన బానెట్టు ఎత్తలేదు. బల్ల చూపించి కూర్చోమన్నాడు.

"ఆగేటప్పుడు ఎట్లా ఆగుతుందిరా అబ్బాయ్? స్విచ్చి కట్టినట్టు ఠక్కున ఆగుతుందా? దమ్ము తగ్గి, దగ్గి ఆగుతుందా?"

డ్రైవరు ఆలోచించాడు. "ఏమో బాబాయ్. ఆగేసరికి నా గుండె కూడా ఆగుతుంది. అది చూసే తీరిక ఎక్కడిది?"

"అదే మరి. ఇన్నాళ్ళూ దాన్ని బాగుచేద్దామని చూశావే గాని, దాని మాట విన్నావు కావు."

ఆయన ఒక చిన్న పన్నెండు వోల్టుల బల్బు తీసుకుని, రెండు పొడుగాటి తీగలతో సొలినాయిడ్ దగ్గర కలిపి, బల్బును డ్రైవరు కళ్ళెదుట స్టీరింగు పక్కన వేలాడగట్టాడు. ఒక నోటు పుస్తకం చేతికిచ్చాడు. ఆగినప్పుడల్లా మూడు సంగతులు రాయమన్నాడు: బల్బు వెలుగుతున్నదా లేదా, ఎక్కుడా పల్లమా, ట్యాంకులో నూనె ఎంత. అంతవరకు ఒక్క నట్టు కూడా విప్పవద్దన్నాడు.

పదహారు రోజులలో బండి అయిదుసార్లు ఆగింది. అయిదుసార్లూ బల్బు వెలుగుతూనే ఉన్నది. అంటే కవాటానికి కరెంటు అందుతూనే ఉన్నది. తీగలమీది అనుమానం తొలగింది. అయిదింటిలో నాలుగుసార్లు ఎక్కుడులో, నిండు బరువుతో. ప్రతిసారీ ముందు దమ్ము తగ్గి, తరువాతనే ఆగింది. పుస్తకం చదివి మెకానిక్కు తల ఊపాడు. ట్యాంకుకూ ఫిల్టరుకూ నడుమ నల్లని గొట్టం తీసివేసి, లోపల పారేది కనిపించే పారదర్శకమైన గొట్టం వేశాడు. డ్రైవరుతో పాటు తానూ ఘాటు ఎక్కాడు. బండి ఆగగానే దిగి చూస్తే గొట్టంలో బుడగలు లేవు. గాలి పట్టలేదన్నమాట. ఫిల్టరుమీది చేతిపంపు నొక్కితే అది అణగి, పైకి లేవలేదు. వెనుకనుంచి నూనె రావడం లేదన్నమాట. మరొకసారి ట్యాంకు మూత వదులుచేసి నడిపించాడు. అయినా ఆగింది, మూత రంధ్రం నిర్దోషి. చివరికి ట్యాంకు సంగతే మరచి, వెనుక తొట్టిలో ఒక డబ్బా నిండా డీజిలు పెట్టి, గొట్టాన్ని దానిలోకి దించాడు. ఆ రోజు నిండు చింతపండు బస్తాలతో బండి దర్భా ఘాటు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇక మిగిలింది ట్యాంకు ఒక్కటే. విప్పి బోర్లించారు. అడుగు మడ్డితో పాటు అరచేయంత పాలిథిన్ ముక్క జారిపడింది. పెట్రోలు బంకులు దూరదూరంగా ఉండే ఆ ప్రాంతంలో డబ్బాలలో, సీసాలలో డీజిలు కొని పోసుకోవడం మామూలు. ఏదో డబ్బా మూతకింద పెట్టిన కాగితం చిరిగి లోపల పడి ఉంటుంది. ఎక్కుడులో ఇంజనుకు నూనె ఎక్కువ కావలసివచ్చినప్పుడు ఆ ముక్క పీల్పుకు కొట్టుకువచ్చి గొట్టం నోటికి అతుక్కునేది. ఇంజను ఆగితే పీల్పు ఆగేది, ముక్క మెల్లగా విడిపోయేది. దుకాణంలో నిలబెట్టి మోగించినప్పుడు పీల్పు తక్కువ గనుక అది ఎన్నడూ బయటపడలేదు. పెద్ద పంపును విప్పించిన అప్పు ఇంకా తీరనేలేదు. దోషి మాత్రం చిత్తుకాగితంపాటి విలువ చేయని వస్తువు.

మెకానిక్కు కూలి తక్కువే తీసుకున్నాడు. "నేను కనిపెట్టిందేమున్నది? కానివాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టాను. మిగిలిందే అది" అన్నాడు. ఆ మాటలో ఆయన పనితనమంతా ఉన్నది. సామాను మార్చేవాడు తన ఊహను నమ్ముతాడు. పరీక్షించేవాడు తన ఊహనే బోనులో నిలబెడతాడు. మొదటిదానికి డబ్బు కావాలి, రెండవదానికి ఓర్పు కావాలి. పేదవాడికి డబ్బు లేదు గనుక ఓర్పు అవసరమని చెప్పడం తేలిక. కాని భయం నిండిన మనిషికి ఓర్పు అంత సులభంగా రాదు. నోటు పుస్తకం చేసిన మేలు అక్కడే ఉన్నది. బండి ఆగినప్పుడు దిక్కు తోచక తాళం తిప్పుతూ కూర్చున్న మనిషికి అది చేయడానికి ఒక పని ఇచ్చింది, చూడడానికి ఒక బల్బు ఇచ్చింది. చూడడం మొదలుపెట్టిన కొద్దీ భయం తగ్గింది.

ఇప్పుడు ఆ బండి డీజిలు పోసుకునే గరాటుకు సన్నని ఇత్తడి జల్లెడ ఉన్నది. దానిని అతడు ఎవరికీ ఎరువివ్వడు. కొన్ని వారాలపాటు అతడు బరువు మాత్రమే మోసి, ఎక్కుళ్ళన్నీ మళ్ళీ మళ్ళీ ఎక్కి చూసుకున్నాడు. ఆ తరువాతనే ఎర్రబోరు సంతలో తెలిసినవారితో చెప్పాడు: "రాత్రయినా సరే, పిలవండి."