చాబువా వానాకాలం కబుర్లు

ఈ వానాకాలం కబుర్లు అస్సాం నుంచి. ఏడాది 1944. చాబువా, దింజాన్, మోహన్‌బారి, సూకరేటింగ్... ఎటు చూసినా తేయాకు తోటలు, వాటి నడుమ రన్‌వేలు, రన్‌వేల పక్కన బురదలో అమెరికా కుర్రాళ్ళు. ఊళ్ళో వాళ్ళ పొలం సంగతేమో గానీ, ఇక్కడ మంచం కింద గడ్డి మాత్రం ఏపుగా పెరుగుతోంది.

వీళ్ళ పని విమానాల్లో చైనాకు సరుకు చేరవేయడం. 1942లో లాషియో జపాను చేతికి చిక్కడంతో బర్మా రోడ్డు మూసుకుపోయింది. చైనాకు పెట్రోలు కావాలన్నా, బాంబులు కావాలన్నా ఆకాశమే దిక్కు. హిమాలయాల తూర్పు కొస దాటి కున్మింగ్ దాకా సుమారు 500 మైళ్ళు. ఆ దారినే ‘హంప్’ అంటారు. వాన పడుతోందని ప్రయాణం మానుకునే వీల్లేదు. మానుకుంటే అస్సాంలో ఏడాదిలో సగం రోజులు సెలవే!

ఇక కాపురం బాషాల్లో. వెదురు తడికల గోడలు, గడ్డి కప్పు, మట్టి నేల. రాత్రి విప్పిన బూట్లకు నాలుగు రోజుల్లో బూజు. పొద్దున్నే బూటు తిరగేసి దులపనిదే కాలు పెట్టకూడదని కొత్తగా వచ్చినవాళ్ళకు పాతకాపులు చేసే మొదటి ఉపదేశం. తేలుకు తెలుసు, పొడి చోటు ఎక్కడుందో.

అన్నట్టు, మలేరియా భయానికి అటాబ్రిన్ మాత్రలు మింగుతున్నారు. పరమ చేదు. పైగా మింగగా మింగగా ఒళ్ళంతా పచ్చబడుతుంది. బాషాలో వరసగా కూర్చుంటే నలుగు పెట్టిన పెళ్ళికొడుకుల్లా ఉన్నారు అందరూ. దోమతెర అంచులు పరుపు కిందకి దోపడంలో ఇప్పుడు వీళ్ళను మించినవారు లేరు.

కింద చెమటలు, పైన వణుకు. బురదలో చొక్కా విప్పుకుని తిరిగినవాడే గంట తిరక్కుండా 16 వేల అడుగుల ఎత్తున ఉన్ని కోటు, ఆక్సిజన్ మాస్కు తగిలించుకుంటాడు. వెనకాల పెట్రోలు డ్రమ్ములు, చుట్టూ మబ్బు, రెక్కల మీద మంచు. సీసాలో బీరు ఉంటే అదీ వెంట వెళ్ళి చల్లబడి వస్తుంది. ఐసుపెట్టె లేని ఊళ్ళో ఆ మాత్రం ఉపాయం ఉండాలి కదా.

ఇక భోజనం. డబ్బా మాంసం, పొడిగుడ్లు, కరగని వెన్న. అదే వరస, మర్నాడూ అదే. అందుకే కున్మింగ్‌లో దిగిన పైలట్ డ్రమ్ములు దించేలోగా మెస్సుకు పరుగు. అక్కడ నిజం గుడ్లు, పెనం మీద అప్పటికప్పుడు పగలగొట్టి వేస్తారు. కొండలు దాటి వెళ్ళి తిన్న గుడ్డుకు ఆ రుచి రావడం న్యాయమే.

చాకలి సంగతి చెప్పలేదు కదూ? బట్టలు మల్లెపువ్వంత తెల్లగా వస్తున్నాయి, బొత్తాలు మాత్రం రాతిబండ దగ్గరే ఉండిపోతున్నాయి. దానితోపాటే లెక్కల తిప్పలు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు, కానీకి 3 దమ్మిడీలు. డాలరుకు మూడు రూపాయల పైచిలుకు వస్తుందని సంబరపడ్డ కుర్రాడు చిల్లర లెక్క మొదలెట్టేసరికి చెయ్యి చాచి, మీరే తీసుకోండి అనేస్తున్నాడు.

అన్నట్టు, ఈ విమానాశ్రయాలకు రాళ్ళు మోసింది ఎవరనుకున్నారు? చాలావరకు తేయాకు తోటల కూలీలే. తలమీద తట్ట, చంకలో బిడ్డ. ఇంజన్ల హోరుకు ఆడవాళ్ళు తల కూడా తిప్పకుండా పని చేసుకుపోతారు. గంజాం, విశాఖ వైపు నుంచి తోటలకు వలసవెళ్ళిన మనవాళ్ళూ అస్సాంలో ఉన్నారు. విమానం ఎగిరిన ప్రతిసారీ పైలట్‌తోపాటు వీళ్ళనూ తలుచుకోవాలి.

సాయంత్రాలు సినిమా. ఆరుబయట తెర, కూర్చోడానికి ప్యాకింగ్ పెట్టెలు. వాన మొదలైతే రెయిన్‌కోట్లు వేసుకుంటారే తప్ప లేవరు. ఇక సెలవు దొరికితే కలకత్తా! చౌరంగీలో షికారు, సిక్కు డ్రైవర్ టాక్సీలో ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని ప్రయాణం. హంప్ మీద వణకనివాడు ట్రాముకూ ఆవుకూ మధ్య సందులో కళ్ళు మూసుకుంటాడు.

జాకెట్లోపల కుట్టుకున్న గుడ్డముక్క చూశారా? ఇతనికి సాయం చేయండని చైనా లిపిలో రాసి ఉంటుంది. ఎందుకంటే ఆ దారి మీద యుద్ధం ముగిసేసరికి దాదాపు 600 విమానాలు పోయాయి. పారాచూట్‌తో దూకి, నాగా పల్లెల్లో అన్నం తిని, నెలకు నడిచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఏ భాషా కలవకపోయినా గుమ్మంలో నిలబడ్డవాడికి పెట్టి పంపిన ఆ ఇళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

ఇక బాషాలో అందరి నోటా ఒకటే అంకె, 650. అన్ని గంటలు ఎగిరితే ఇంటి దారి. గోడకు బొగ్గుగీతలు, లాగ్ పుస్తకంలో కూడికలు. ఇంటి అడ్రసు మరిచినా ఆ లెక్క మరవరు.

ఉత్తరాలు మాత్రం ఆగలేదు. సెన్సారు కత్తెరకు భయపడి ఊరిపేరు రాయరు, ‘ఇక్కడ వాన’ అని రాస్తారు. దానికి కత్తెర పడదు. పైగా ఇప్పుడు క్రిస్మస్ పార్శిళ్ళకు జాబితా రాసే వేళ. సముద్రాలు దాటి రావాలి కనుక అమెరికాలో సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 లోపే పోస్టు చెయ్యాలి. జాబితాలో అన్నిటికన్నా పైన పొడి మేజోళ్ళు, తర్వాత కేకు, తర్వాత చెల్లెలి ఫోటో. అడిగినవన్నీ చేరాలి, అడిగినవాళ్ళంతా అందుకోవాలి.