ఒమాను రాజపుత్రి కథయు మన గృహధర్మమును

ప్రేమ గొప్పదా, వంశగౌరవము గొప్పదా యను వాదము మన ద్వీప కుటుంబములలో నేటికిని వినబడుచున్నది. ఈ విషయమున ఒమాను రాజవంశపు స్త్రీ యొకతె చరిత్రము మాకు మిక్కిలి ఆలోచన కలిగించినది.

మస్కటు నేలిన సయ్యిద్ సయీద్ సుల్తాను తన రాజధానిని జాంజిబారు ద్వీపమునకు మార్చి, అచట లవంగతోటలను విస్తరింపజేసెను. ఆ లవంగపు మొక్క మన మాస్కరీన్ ద్వీపములనుండియే అచటికి చేరినది. ఆయన కుమార్తె సల్మా 1844లో జన్మించెను. తల్లి సర్కాసియా దేశమునుండి వచ్చిన దాసి. బాలికలకు వ్రాత నేర్పని యంతఃపురమున సల్మా, ఒంటె యెముకపై ఖురాను అక్షరములను చూచి వ్రాయుచు రహస్యముగా నేర్చుకొనెను. 1859లో సోదరుడు బర్గష్ సింహాసనమునకై కుట్ర పన్నగా, అతని పక్షమున లేఖలు వ్రాసినది ఆమెయే.

పిమ్మట పొరుగింటనున్న హాంబర్గు వర్తకుడు హైన్రిఖ్ రూటేను ప్రేమించి, 1866లో ఆంగ్ల నౌకపై ఏడెను చేరి, మరుసటి యేట క్రైస్తవమతము స్వీకరించి అతనిని వివాహమాడెను. 1870లో ట్రాము ప్రమాదమున భర్త గతించెను. ముగ్గురు బిడ్డలతో ఆమె పరదేశమున ఒంటరియయ్యెను. 1885లో జన్మభూమికి రాగా, సుల్తానైన బర్గష్ ఆమె ముఖము చూడనొల్లడయ్యెను. 1886లో జర్మను భాషలో స్వీయచరిత్రమును ప్రకటించి, 1924లో జర్మనీలోనే కన్నుమూసెను.

దీనిని ప్రేమకథగా మాత్రమే చదువుట మాకు చాలదు. ఆ లవంగములను కోసిన బానిసల ప్రేమల నెవరు వ్రాసిరి? తమ బిడ్డలను తమవద్ద నిలుపుకొను హక్కును వారికి లేకుండెను. మన పెద్దలు బానిసలు కారు. ఐనను ఒప్పందపు కాగితమునకు కట్టుబడి చెఱకుతోటలలో శ్రమించిరి. ఓడలో ప్రక్కన కూర్చున్నవారినే బంధువులనుకొనిరి. అట్టివారి సంతానమగు మనము కులము పేర, ధనము పేర కన్నబిడ్డకు తలుపు మూయుట తగునా?

ధర్మమును విడువుమని మేము చెప్పుటలేదు. శకుంతల తన పరోక్షమున గాంధర్వవివాహము చేసికొన్నదని యెఱిగియు కణ్వమహర్షి శపింపలేదు. దీవించి అత్తవారింటికి పంపెను. సత్యము చెప్పుట బిడ్డకు ధర్మము. చెవియొగ్గి వినుట తండ్రికి ధర్మము.

ఆలయమున అర్చన చేయించుకొనువారు కుటుంబమువారి పేర్లు చెప్పుచు, ఇల్లు విడిచిన కూతురి పేరు రావలసినచోట ఆగిపోవుట మేమెఱుగుదుము. అప్పుడు మేము మంత్రము నాపి ఆ పేరు నడుగుదుము. తల్లి మెల్లగా చెప్పును, తండ్రి కాదనడు.