నాచారం పునాదిలో పాత చుట్టం

మే నెల ఎండలో హబ్సిగూడ దగ్గర మెట్రో దిగి, ఆటో ఎక్కి నాచారం చేరాను. పెద్దచెరువుకు కాస్త దూరంలో మా బావగారు ఇల్లు కట్టిస్తున్నారు. వెళ్ళేసరికి పునాది గోతిలో పలుగు వేస్తున్న మనిషి ఉన్నట్టుండి ఆగి, నల్లటి మట్టిపెళ్ళ ఒకటి రెండు చేతులా ఎత్తి గట్టుమీద పెట్టాడు.

"రాయి గాదు సార్, తాంబేలు. సచ్చిపోలే, పండుకున్నది" అన్నాడు.

చెంబెడు నీళ్ళు పోయగానే పెళ్ళ కదిలింది. వేసవి వస్తే మనకు చల్లని కొండలు కావాలి. చెరువు తాబేలుకు ఆ బెడద లేదు. నీళ్ళు ఇంకగానే బురదలోకి దిగి వానల దాకా అలాగే పడివుంటుంది. దీని వీపుమీద గట్టి పెంకులకు బదులు తోలు కప్పి వుంది. ముట్టుకుంటే వెనకకాళ్ళు లోపలికి లాక్కుని, అడుగున వున్న రెండు తోలురెప్పలను తలుపుల్లా మూసుకుంది.

"పాతబావిలో వేద్దామోయ్, లక్ష్మి వస్తుందట" అన్నారు బావగారు.

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద దీన్ని పట్టి ఉంచుకోవడం నేరమని చెప్పాను. ఆయన లక్ష్మి ఊసు మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం చల్లబడ్డాక చెరువులో వదులుదామని తొట్టిలో వేసి నీడన పెట్టాము.

మా మేనల్లుడు తొట్టి వదలడే! "మామయ్యా, దీన్ని డొప్పలోంచి బయటికి తీయొచ్చా?" అని అడిగాడు.

"నిన్ను నీ పక్కటెముకల్లోంచి తీయగలమా?" అన్నాను.

డొప్ప తాబేలు అద్దెకున్న ఇల్లు కాదు. వెన్నెముకా పక్కటెముకలూ వెడల్పై అతుక్కుపోతే ఏర్పడిన కవచం. మనకు భుజపుటెముక పక్కటెముకలకు వెలుపల వుంటుంది, దానికి లోపల. ఎముకలు బిగుసుకుపోయాయి గనక ఛాతీ పొంగించి ఊపిరి తీయలేదు, ఆ పని పొట్ట కండరాలు చేస్తాయి. ఇంత తలకిందుల ఏర్పాటు ఒక్కనాడు జరగలేదు. చైనాలోని గ్విజౌలో దొరికి 2008లో లోకానికి తెలిసిన శిలాజం సుమారు 22 కోట్ల ఏళ్ళ నాటిది. దానికి పొట్ట కింద డొప్ప పూర్తిగా వుంది, వీపుమీద పక్కటెముకలు వెడల్పవడం మాత్రమే మొదలైంది. నోట్లో పళ్ళు కూడా వున్నాయి! ఇక 2013లో జన్యువులన్నీ చదివి చూస్తే తాబేలు పాముకన్నా బల్లికన్నా మొసలికీ కోడికీ దగ్గర చుట్టమని తేలింది. మావాడు నమ్మలేదు. నాకూ మొదట వినగానే నవ్వొచ్చింది.

ఇలాంటి వంశవృక్షం ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే, ఉప్పల్ రోడ్డుమీది సి.సి.ఎం.బి.లో చదివారు. సముద్రమెక్కడ, హబ్సిగూడ ఎక్కడ! మన తూర్పుతీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ డి.ఎన్.ఏ.లో తల్లినుంచి మాత్రమే సంక్రమించే భాగాన్ని కార్తీక్ శంకర్, లాల్జీ సింగ్, అగర్వాల్ ప్రభృతులు పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 96 తాబేళ్ళు మరెక్కడా, పక్కనున్న శ్రీలంకలో సైతం కనిపించని శాఖకు చెందినవి. ఇతర సముద్రాల్లో ఈనాడున్న ఈ జాతికి మూలపురుషులు, మూలమాతలనడం సబబేమో, హిందూ మహాసముద్రంలోని వారేనని ఆ లెక్కలు సూచించాయి.

ఆ వ్యాసంలోనే మరో అంకె వుంది. అంతకుముందు పదేళ్ళలో ఒడిశా తీరాన లెక్కకందిన తాబేళ్ళ శవాలు లక్షకు పైచిలుకు. ఎంత సముద్రపు తాబేలైనా పైకి వచ్చి గాలి పీల్చుకోవలసిందే. చేపల వలలో చిక్కితే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. శ్రీకూర్మంలో విష్ణువును కూర్మరూపంలో కొలిచే మనకు ఆ అంకె మింగుడు పడదు.

పొద్దుగూకుతూండగా తొట్టి మోసుకుని చెరువుకు వెళ్ళాము. గుర్రపుడెక్క లేని చోటు వెతకడానికి చాలాసేపు పట్టింది. గట్టున దించితే మొదట మెడ చాచి అటూ ఇటూ చూసింది. ఆ తరువాత తాబేలు నడకన్న మాట అబద్ధం చేస్తూ గబగబా నీళ్ళలోకి జారిపోయింది.

మరునాడు పునాది అవతలి మూల తవ్వాలి. పలుగు పక్కన పెట్టి పారతో మెల్లగా తియ్యమని బావగారు మేస్త్రీకి రెండుసార్లు చెప్పారు.