మోచేతి కొసన నీటి సంచి

చెయ్యి బారుగా చాపి, మోచేతి వెనక వదులుగా ముడతలుపడ్డ చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూడండి. గిల్లినా పెద్దగా నొప్పి తెలీదు. ఇప్పుడు చెయ్యి ముడవండి. ముడతలన్నీ మాయమై చర్మం ఎముక మీద బిగుసుకుంటుంది. రోజంతా ముడుస్తూ చాపుతూ ఉన్నా ఆ చర్మం ఎముకకి ఒరుసుకుపోకుండా కాపాడేది మధ్యలో ఉన్న ఒక పల్చటి సంచి, బర్సా. మామూలుగా అందులో కాస్త తడి తప్ప ఏమీ ఉండదు, తడిమినా చేతికి తగలదు. ఒత్తిడి పడీ పడీ, లేదా దెబ్బ తగిలి, లోపలి పొర వాస్తే నీరు ఊరుతుంది. డాక్టర్లు ఒలెక్రానన్ బర్సైటిస్ అని రాసేది దీన్నే.

మా మేనమామది కిరాణా కొట్టు. ఎడమ మోచెయ్యి గల్లాపెట్టె మీద ఆనించి, కుడిచేత్తో చిట్టా రాసుకోవడం ఆయనకి వయసులో ఉన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. మోచెయ్యి ఆనేచోట టేకు చెక్క రంగు పోయి నున్నగా తేలింది. ఒకనాడు స్నానం చేస్తుంటే మోచేతి కొసన నిమ్మకాయంత బుడిపె తగిలిందట. మెత్తగా ఉంది, నొక్కితే లోపల నీరు కదులుతోంది, నొప్పి మాత్రం లేదు. చెయ్యి ఎప్పటిలాగే ముడుచుకుంటోంది, చాపుకుంటోంది. అంటే కీలు బాగానే ఉంది, వాపంతా పైసంచిలోనే. అత్తయ్య సున్నం బెల్లం పట్టు వేస్తానంది. పక్క కొట్టతను “సూదితో లాగించెయ్యి బాబాయ్, ఒక్కరోజులో పోద్ది” అన్నాడు.

ఇలాంటిచోటే తొందర పనికిరాదు. ఎరుపూ నొప్పీ జ్వరమూ లేని వాపుని చాలావరకు పొడవనక్కర్లేదు. ఆ సంచి చర్మానికి సరిగ్గా అడుగునే ఉంటుంది, సూది చేసిన దారినే క్రిములు లోపలికి పోవచ్చు. పైగా చెయ్యి ఆనించడం మానకపోతే తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయిస్తే అక్కడి చర్మం పల్చబడే ప్రమాదం కూడా ఉంది. ఇక సున్నం చర్మాన్ని కాలుస్తుంది, గీరుకుపోయిన మోచేతి మీద అసలే వెయ్యకూడదు.

డాక్టరుగారు మామయ్యకి చెప్పింది చాలా తక్కువ. “చెక్కకి ఆనించకండి. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. క్రేపు బ్యాండేజీ వదులుగా చుట్టండి.” నొప్పి లేదు కాబట్టి మాత్రలు రాయలేదు. కిడ్నీ జబ్బో కడుపులో పుండో ఉన్నవాళ్లు ఆ నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదని మాత్రం గట్టిగా చెప్పారు. ఐసు సులువే, ఆనించడం మానడమే కష్టమైంది. లెక్క చూసుకుంటూ మైమరిస్తే చెయ్యి దానంతటదే పెట్టె మీదికి పోయేది. చివరికి అత్తయ్య పాత బొంత మడతపెట్టి పెట్టె అంచుకి కట్టేసింది. వాపు తగ్గడానికి నెలలు పట్టింది, కానీ సూది లేకుండానే తగ్గింది.

ఆగకూడని సందర్భమూ ఒకటుంది. బుడిపె ఎర్రబడి, వేడెక్కి, చొక్కా చెయ్యి తగిలినా ఓర్చుకోలేనంత సలుపుతుంటే, జ్వరం వస్తే, అది చీము కావచ్చు. మన చర్మం మీదే ఉండే స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా చిన్న గీరులోంచి దూరడమే ఎక్కువసార్లు కారణం. షుగరు ఉన్నవాళ్లకీ, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకీ ఈ భయం మరీ ఎక్కువ. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు సూది అవసరం. తీసిన నీటిని ల్యాబుకి పంపితే క్రిములున్నాయో, యూరిక్ యాసిడ్ స్ఫటికాలున్నాయో తెలుస్తుంది. స్ఫటికాలుంటే అది గౌట్, దాని మందులు వేరు. పడ్డాక వాచిందంటే ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయించాలి. సంచినే కోసి తీసెయ్యడం ఎంతకీ తగ్గనివాళ్లకే.

గల్లాపెట్టెల సంగతి సరే, నా మనసంతా మంచాన ఉన్న పెద్దవాళ్ల మీద ఉంది. ఆయాసం ఉన్నవాళ్లు ఊపిరి అందడానికి ముందుకి వంగి, మోచేతుల మీద బరువు మోపి గంటలకొద్దీ కూర్చుంటారు. పక్కమీంచి లేచేటప్పుడూ మోచేతులతోనే నెట్టుకుంటారు. వాళ్లని అలా కూర్చోవద్దనలేం, ఆ భంగిమలోనే వాళ్లకి ఊపిరి ఆడుతుంది. మోచేతుల కింద మెత్తటి దిండు పెట్టండి, లేచేటప్పుడు చెయ్యి అందించండి, ఒళ్లు తుడిచేటప్పుడు మోచేతుల వెనక కూడా ఒకసారి తడిమి చూడండి. చాలాసార్లు నొప్పి ఉండదు కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పరు.