మేడ మీద సోయా

2024 జూలైలో, పార్లమెంటు బడ్జెట్ సమావేశాలకు ముందు వారం, ఘజియాబాద్‌లోని మా మేడ మీద పన్నెండు కుండీల్లో సోయా గింజలు నాటాను. నూనె తీసే సోయా కాదది. పచ్చికాయగా ఉడికించి తినే రకం, జపాన్‌వారు ఎడమామె అంటారు. రాంచీలోని ఐసీఏఆర్ పరిశోధన కేంద్రం రూపొందించిన ఈ వంగడం పేరు స్వర్ణ వసుంధర. మా కాలనీ పేరూ వసుంధరే. అది యాదృచ్ఛికమంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఆదిలాబాద్‌లోని అమ్మకు ఫోన్‌లో చెబితే నవ్వింది. "సోయలు గూడ వండుకుంటర్రా? అది అమ్ముకునే పంట గదా!" అన్నది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, మా ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పండే ఈ గింజ మిల్లుకు పోతుంది. నూనె వంటింటికి, చెక్క కోళ్లకు. ధర పడిపోతే ఇంట్లో వండుకుని తిందామనుకునే వీలు ఆ రైతుకు లేదు.

ఆగస్టులో తెల్లదోమ వచ్చింది, వెంటే పసుపు మొజాయిక్ తెగులు. నాలుగు మొక్కలు పీకేశాను. వేళ్లకు ఒక్క బుడిపె లేదు. మట్టిలో రైజోబియం లేకపోతే సోయా గాలిలోని నత్రజనిని పట్టుకోలేదు, విత్తనానికి కల్చర్ పట్టించాలి. ఇరవై ఏళ్లుగా రైతు సమస్యలపై రాస్తున్న నాకు ఆ సంగతి తట్టలేదు.

సెప్టెంబరు చివర మిగిలిన కాయలు నిండాయి. రంగు తిరగకముందే కోసి ఉప్పునీళ్లలో ఉడికించాం. రెండు పళ్లాలైనా నిండలేదు. రుచి మాత్రం పచ్చి బఠానీకీ వేరుశనగకూ మధ్య ఎక్కడో ఉంది.

నవంబరులో మహారాష్ట్ర ఎన్నికల కోసం లాతూరు వెళ్లాను. మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు, మార్కెట్లో పలికింది అంతకు బాగా తక్కువ. ఒక కూటమి 6,000 ఇస్తామంటే మరొకటి 7,000 అంది. తేమ 12 శాతం దాటితే కొనని చోట, సరిగ్గా పోలింగ్ ముంగిట 15 శాతం దాకా కొనవచ్చన్న సడలింపు వచ్చింది. అప్పటికే మా అన్న దసరాకు ముందే తన పంటను ఓ వ్యాపారికి అమ్మేశాడు, అప్పు తీర్చాలి కనుక. ఎంతకమ్మావని అడిగాను.

"ఏం, పేపర్ల రాస్తవా?" అన్నాడు.

అప్పుడు రాయలేదు. లాతూరు రైతుల గురించి మాత్రం మూడు కథనాలు రాశాను.

రెండు మొక్కల కాయలను విత్తనానికని ఎండనిచ్చాను. ఈ జూన్‌లో ఊరి నుంచి ఓ పార్సిల్ వచ్చింది. లోపల కల్చర్ పొట్లం, దాని మీద అన్న చేతిరాత: నీడలో పట్టించు, ఎండల పెట్టకు.