లైనుకీ నాకూ ఒకే వయసు

గండికోట లోయ ఫొటో పెడితే చాలు, ఫ్రెండ్స్ అడిగేది ఒకటే: ‘రైలుందా?’

ఉంది. చెన్నై–ముంబై లైన్లో ఎర్రగుంట్ల జంక్షన్‌లో దిగాలి. సిమెంటు, బొగ్గు గూడ్సులు కనిపించే స్టేషనే. అక్కడ నంద్యాలకు చీలే 123 కిలోమీటర్ల లైన్లో జమ్మలమడుగు వస్తుంది. ఆ ఊరి నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు.

ఆ లైను 1996-97లో మంజూరైంది. నేను పుట్టిందీ అప్పుడే. ‘వచ్చే ఏడు రైలొస్తాదిలే’ అని మా నాయన ఏటా అనేవాడు. నంద్యాల దాకా రైలు నడిచింది 2016లో. అప్పటికి నేను బీటెక్‌లో ఉన్నా. మా క్లాస్‌మేట్లలో సగం మంది చదువులకీ ఉద్యోగాలకీ ఊరొదిలేశాం.

జమ్మలమడుగులో ఆగే రైళ్లు ఇప్పటికీ తక్కువే. ఎక్కేవాళ్లుంటేనే కదా, ఇంకొన్ని అడగడానికి మాకు నోరుండేది! ఈసారి కారు పక్కన పెట్టి, టైమ్ చూసుకుని రైల్లో రండి.